బొచ్చు ఊలు, నలభై టోపీలు

కర్నూల్లో ముప్పై ఒక్క ఏళ్ళు ఊలు అమ్మి బతికినవాణ్ణి నేను. ముందు నవ్వుకోండి, తర్వాత చదవండి. నాకిది కొత్త కాదు. మా వియ్యంకుడు ఈ రోజుకీ నన్ను పదిమందికి పరిచయం చేసేటప్పుడు, "ఈయన రోహిణి కార్తెలో స్వెట్టర్లు అల్లించినాయన" అనే చెబుతాడు.

మాది కోయిలకుంట్లలో అంగడి కుటుంబం. తాత బెల్లం, చింతపండు అమ్మాడు. నాన్న గాజులు, రిబ్బన్లు అమ్మాడు. మా ఇంట్లో అన్నం వడ్డించేటప్పుడు కూడా బేరమే. అమ్మ రెండు ముద్దలంటే మేం నాలుగనేవాళ్ళం, మూడు దగ్గర తెగేది. అట్లా పెరిగినవాణ్ణి, కర్నూలు పాతబస్తీలో దారాలు, లేసులు, గుండీలు అమ్మే పెద్ద అంగట్లో పనికి కుదిరాను. నా నోటి ధాటి చూసి సావుకారి మొదట లేసుల కౌంటర్ ఇచ్చాడు. నెల తిరక్కుండా ఒకావిడకు ఉన్న ధర కన్నా బాగా ఎక్కువకు లేసు అంటగట్టి, ఆ ఘనకార్యం సావుకారికే చెప్పుకున్నాను. ఆవిడ ఆయన సొంత చెల్లెలు. మరుసటి రోజు నుంచి నాది ఊలు కౌంటర్.

మా ఊళ్ళో చలికాలమంటే మూడు వారాలు. నాలుగో వారానికి మళ్ళీ ఫ్యాన్లు తిరుగుతాయి. అయినా ఊలు కొనేవాళ్ళు ఉంటారు. టీచర్ ట్రైనింగ్ ఆడపిల్లలు రికార్డులో అంటించడానికి జానెడు అల్లిక ముక్క కోసం వస్తారు. గుమ్మాలకు తోరణాలు అల్లేవాళ్ళు వస్తారు. హిమాలయ యాత్రకు పోయేవాళ్ళు మంకీ క్యాపుల కోసం వస్తారు. అందరికన్నా నమ్మకమైన గిరాకీ చర్చీల స్త్రీల సమాజాలు. ఎప్పుడో మిషన్ బళ్ళలో నేర్చిన అల్లికను అమ్మ కూతురికి, కూతురు మనవరాలికి నేర్పుకుంటూ వచ్చిన కుటుంబాలు వాళ్ళవి.

నాకు మాత్రం అల్లిక రాదు. చేపలమ్మేవాడికి ఈత వచ్చి తీరాలా అని నా వాదన. ఆ వాదన ఎట్లా మునిగిపోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇప్పుడు ఏదో ఒక కౌంటర్ వెనక నిలబడి, ఫోన్లో బొమ్మ చూపించి "ఇట్లాంటిదే కావాలి" అనే గిరాకీలతో వేగుతున్న పిల్లలు దీన్ని చదివితే, వాళ్ళకు కనీసం నవ్వన్నా దక్కుతుంది.

రిటైరవడానికి ఆరేడేళ్ళ ముందు సంగతి. అంతకు కొన్నేళ్ళ కిందట నేను ఉత్తరాదికి సరుకు కొనడానికి పోయి, ఒక గోడౌన్లో నా బతుకులోనే గొప్ప బేరం చేసి, ఒక పెద్ద బేలు ఊలు తెచ్చాను. తెల్లది. పోగు పోగుకూ వేలెడు బొచ్చు. ముట్టుకుంటే కుందేలుపిల్లను ముట్టుకున్నట్టే ఉండేది. అడిగిన ధరలో మూడో వంతుకు కొన్నాను. అంత సులువుగా ఎందుకు దిగాడా అని నాకు అప్పుడు తట్టలేదు. కర్నూలు చేరాక తట్టింది. ఇక్కడ దాన్ని చూస్తేనే చెమట పట్టేది. నాలుగేళ్ళుగా ఆ బేలు నా కౌంటర్ కింద కూర్చుని నా మోకాళ్ళకు తగులుతూ ఉండేది.

సావుకారి రోజూ ఒకసారి వచ్చి దాన్ని బూటు కొనతో తట్టేవాడు. "ఏం రా, నీ కుందేలు ఇంకా ఈడనే ఉండాదే" అనేవాడు.

జూన్ మొదట్లో ఒక టీచరమ్మ వచ్చింది. ఆత్మకూరు దగ్గర పల్లెలో ఉంటూ, బళ్ళో కుట్టుపనులు నేర్పి రిటైరైన మనిషి. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో వైరు బుట్ట, వెనక వాళ్ళ చర్చి సమాజం ఆడవాళ్ళు ఇద్దరు. ఎప్పుడూ కొనే అంగడి మూసేశారంట.

"పుట్టిన బిడ్డలకు టోపీలప్పా. ఏటేటా అల్లి పెద్దాసుపత్రికి ఇస్తాం. ఈసారి నలభై అనుకున్నాం" అంది.

ఆమె చెప్పిన దాంట్లో నా బుర్రకెక్కింది నలభై ఒక్కటే. బిడ్డలు ఎక్కలేదు, ఆసుపత్రి ఎక్కలేదు. కింద మోకాలికి బేలు తగులుతోంది.

ఇక్కడ మా అంగట్లో ఒక ఏర్పాటు గురించి చెప్పాలి. ఊలు కౌంటర్ దగ్గర జనం ఉండరు కాబట్టి, ఖాళీ జాగా చూసి సావుకారి పెద్ద ఎయిర్ కూలర్ అక్కడే పెట్టించాడు. బయట నిప్పులు చెరుగుతుంటే నా దగ్గర మాత్రం ఊటీ. ఆ చల్లగాలిలో ఊలు ఉండ తీసి గిరాకీ చెంపకు ఆనించడం నా అస్త్రం. చెంపకు తగిలితే ఎంతటివాళ్ళకైనా కళ్ళు అరమూతలు పడతాయి. టీచరమ్మకూ పడ్డాయి.

"మెత్తగా ఉండాదే!" అంది.

"పసిబిడ్డల కోసమనే తెప్పించినాం టీచరమ్మా" అన్నాను. నోరు ఉంది కదా.

తర్వాత బేరం మొదలైంది. ఎంత బేరమనుకున్నారు! మధ్యలో ఆమె రెండుసార్లు గొడుగు పట్టుకుని మెట్లు దిగింది. నేను రెండుసార్లు వెనక్కి పిలిచాను. మూడోసారి దిగబోతుంటే, "సూదులు ఊరికే ఇస్తా, రామ్మా" అన్నాను. అవి కూడా అమ్ముడుపోని లావు సూదులే. గెలిచానన్న సంతోషంతో ఆమె పోయింది, గెలిచానన్న సంతోషంతో నేను బేలు సగం ఖాళీ చేశాను. పక్క గుండీల కౌంటర్లో ఉండే భాయి, నాకన్నా రెండేళ్ళు పెద్ద, అన్నీ చూస్తూ ఉన్నాడు.

"కుందేలుకు నిఖా అయిపోయిందా భాయ్?" అన్నాడు.

"అయిపోయింది. అప్పగింతలు కూడా" అన్నాను.

ఆగస్టులో ఒక మిట్టమధ్యాహ్నం కుందేలు పుట్టింటికి వచ్చింది.

టీచరమ్మ గోనెసంచి తెచ్చి నా కౌంటర్ మీద బోర్లించింది. నలభై తెల్ల టోపీలు. కొన్ని కొత్తవి కొత్తవిగానే ఉన్నాయి. కొన్ని మాత్రం వానలో తడిసిన పిల్లికూనల్లా ముద్దలై, సాగి, ఆకారం పోయి ఉన్నాయి.

"ఏమైందమ్మా?" అన్నాను, గొంతు వీలైనంత అమాయకంగా పెట్టి.

"ఏమైందా? చెప్తా గానీ, ముందు ఆ కూలర్ ఆపప్పా."

ఆపాను. ఒక టోపీ తీసి, "చెయ్యి పిడికిలి పట్టు" అంది. పట్టాను. పిడికిలికి టోపీ తొడిగింది.

"ఈ పొద్దు ఆసుపత్రి పెద్ద నర్సమ్మ నన్ను ఎంతసేపు నిలబెట్టిందో అంతసేపు నువ్వు దాన్ని తీయకుండా ఉండు. నేను చెప్తాంటా, నువ్వు విను."

చెప్పింది. బిడ్డల వార్డు చూసే పెద్ద నర్సమ్మ మొదట పది టోపీలు పదిమంది బిడ్డలకు పెట్టింది. సాయంత్రానికి నుదుళ్ళ మీద చెమటకాయలు లేచాయి. ఒక బిడ్డ గుప్పిట్లో బొచ్చు పోగులు కనపడ్డాయి, ఆ గుప్పిట నోటి దగ్గర ఉంది. నర్సమ్మ చూసింది కాబట్టి సరిపోయింది. అన్నీ ఊడదీసి ఉడుకునీళ్ళలో వేస్తే ఇట్లా ముద్దలై బయటికొచ్చాయి.

"ఇట్లాటివే తెచ్చేటట్టుంటే మళ్ళ రావద్దు అనింది. నేను బళ్ళో పిల్లల్ని నిలబెట్టినట్టు నన్ను నిలబెట్టి చెప్పిందప్పా. పదిహేను మంది ఆడోళ్ళు. పొద్దన్నే కలుపుకు పోయి, మధ్యాన్నం ఇంత తిని, కండ్లు మూతలు పడతాంటే అల్లినారు. వాళ్ళకు ఏం చెప్పాల? మీ పని చెత్తలో ఏసినారు అని చెప్పాల్నా?"

ఆమె చెబుతున్నంతసేపూ నా పిడికిలి ఉడికిపోతోంది. మొదట చెమట, తర్వాత దురద, తర్వాత సన్న ముళ్ళు గుచ్చినట్టు. గిరాకీలు గుమిగూడారు.

గుండీల భాయి అక్కడి నుంచే, "ఏం భాయ్, చెయ్యికి జొరమొచ్చిందా?" అన్నాడు.

సావుకారి గల్లా వదిలి లేచి వచ్చాడు. సంగతి విన్నాడు. నన్ను తిట్టలేదు. ఆయన తిట్టకపోతేనే భయపడాలి.

"ఊలు కౌంటర్ ఎత్తేస్తా. ఈడ ప్లాస్టిక్ పూలు పెడతా. నువ్వు గోడౌన్లో బస్తాలు చూసుకుంటాంటావు. ఈయమ్మ పని క్రిస్మస్ లోపల చక్కబడితే సరి. లేకుంటే అంతే" అని పోయాడు.

గోడౌన్ అంటే రేకుల షెడ్డు. అక్కడ మాట్లాడటానికి ఎలుకలు తప్ప ఎవరూ ఉండరు. నాలాంటివాడికి అది ఉరికంబంతో సమానం.

నేను వెంటనే బేరంలోకి దిగాను. అలవాటు. "టీచరమ్మా, సగం టోపీలకు సరిపడా ఊలు మార్చి ఇస్తా" అన్నాను.

"నలభైకీ మంచి ఊలు ఇయ్యాల."

"ముప్పైకి ఇస్తా."

"నలభై. ఇంగొకటి కూడా. ఒక టోపీ నీ చేత్తో నువ్వు అల్లాల."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు.

"నాకు రాదు కదమ్మా."

"రాకనే కదా ఇంత పని జరిగింది. నేను నేర్పిస్తా."

"ఒక టోపీ అంటే శానా ఎక్కువమ్మా. అర టోపీకి ఒప్పుకో."

"అర తలకాయతో పుట్టే బిడ్డ యాడన్నా ఉంటే చూపీప్పా, అర టోపీనే అల్లుదువు."

నా బతుకులో మొదటిసారి, అవతలి మనిషి చెప్పిన ధరకే బేరం తెగింది. తెగాక ఆమె స్టూలు లాక్కుని కూర్చుని, మంచినీళ్ళు తాగి, గొంతు తగ్గించి ఒక మాట అంది. ఆ మాటే నన్ను ఎక్కువ గుచ్చింది.

"నీది ఒక్కని తప్పే కాదులేప్పా. ముప్పై ఏండ్లు కుట్టు నేర్పినదాన్ని, నాకు తెలీదా? నువ్వు ధర దిగుతాంటే నాకు ఎచ్చులు ఎక్కువైనాయి. ఇద్దరం కలిసి అంతసేపు ధర గురించి కొట్లాడినాం. బిడ్డ తల గురించి ఇద్దరమూ అడగలా."

అప్పటి నుంచి శనివారం శనివారం ఆమె బస్సెక్కి వచ్చేది. మొదటి శనివారం ఊలు ఎంచడంతోనే సరిపోయింది. కౌంటర్లో ఉన్న రకాల్లోంచి నాలుగు తీసింది. ఊలు కాని మిల్లు ఊలు, సన్న అక్రిలిక్ ఒకటి, నాలుగు పేటల మెత్తటి ఊలు ఒకటి, లావు నూలు దారం ఒకటి, సన్న నూలును రెండు పేటలుగా కలిపింది ఒకటి. ఒక్కోదానితో అరచేయంత ముక్క అల్లి, ఏది ఏదో తెలియడానికి మిగిలిన దారం తోకకు ఒకటి, రెండు, మూడు, నాలుగు ముళ్ళు వేసింది.

"నర్సమ్మ ఉడుకునీళ్ళలో ఏస్తాది. మనమూ ఏద్దాం. గిన్నె ఉందా?"

ఉన్నది ఒక్కటే గిన్నె, భాయి టీ కాచేది. భాయి ప్రాణం పోయినట్టు చూశాడు. "అల్లా! అది నా టీ గిన్నె అమ్మా, దాంట్లో గుడ్డలు ఉడకేస్తారా?"

"బిడ్డల కోసం లేప్పా. పుణ్యమొస్తాది."

పుణ్యం అనేసరికి భాయి మెత్తబడ్డాడు. నాలుగు ముక్కలూ తెర్లే నీళ్ళలో మరిగాయి. అక్రిలిక్ ముక్క బిగువు పోయి నీరసించి బయటికొచ్చింది. నాలుగు పేటల ఊలు కుదించుకుపోయి తపాలా బిళ్ళంత అయింది. లావు నూలు చెక్కుచెదరలేదు గానీ, తడి పిండినా పోలేదు, బరువు రాయిలా. సన్న నూలు మాత్రం ఉడికి, ఆరి, ఎట్లా పోయిందో అట్లాగే తిరిగి వచ్చింది. ఆ సాయంత్రం భాయి పెట్టిన టీ మేమంతా తాగాం. ఊలు తాగినట్టే ఉంది.

ఉడకబెట్టడంతో అయిపోలేదు. తర్వాతి శనివారం ఆమె అవే రకాలతో అల్లిన కొత్త ముక్కలు నాలుగు నా మోచేతి మడతలో పెట్టి గుడ్డతో కట్టింది. "చెంప అబద్ధం చెప్తాదప్పా. చెమట పట్టే సోట అడగాల" అంది. కూలర్ లేకుండా సాయంత్రం దాకా అట్లాగే అమ్మకాలు చేశాను. తాయెత్తులు కట్టుకున్నవాడిలా ఉన్నానని ఒక గిరాకీ దండం కూడా పెట్టింది. సాయంత్రం కట్టు విప్పితే మూడు ముక్కల కింద చర్మం ఎర్రగా ఉంది. నాలుగు ముళ్ళ ముక్క కింద ఏమీ లేదు.

సన్న నూలు అని తేలాక ఇంకో చిక్కు. నూలు ఊలులా సాగదు, సాగితే మళ్ళీ దగ్గరికి రాదు. లావు సూదులతో అల్లితే టోపీ జారి ముక్కు మీదికొస్తుంది. నేను ఊరికే ఇచ్చిన సూదులన్నీ ఆమె ఒక కట్టగా తెచ్చి నా ముందు పెట్టింది. "ఇవి మీ ఇంట్లో పండుమిరపకాయలు గుచ్చుకోనీకి బాగుంటాయి" అంది. సన్న సూదులు తీసి ఇచ్చాను. ఈసారి ధర ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

ఇక నా టోపీ. ఎనభై కుట్లతో మొదలుపెట్టించింది. పదో వరుసకు లెక్క చూస్తే తొంభై రెండు. అంగట్లో ఎన్నడూ రాని లాభం. అవి ఎక్కడి నుంచి వచ్చాయో నాకు తెలియదు, ఆమెకూ అంతు చిక్కలేదు. విప్పి మళ్ళీ మొదలుపెడితే ఈసారి డెబ్బై ఒకటి. ఇంటికి తీసుకుపోయి రాత్రి అన్నాలయ్యాక అల్లుతుంటే మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి చూసింది.

"పెండ్లయినకాడి నుంచి నేను చెప్పింది ఒక్కటి ఇన్లేదు. టీచరమ్మ చెప్తే సూదులు పట్టినావే" అంది. తర్వాత జాలి కలిగిందో ఏమో, జారిన కుట్టును పిన్నీసుతో పైకి లాగి ఇచ్చింది. ఆమెకు అల్లిక వచ్చునని నాకు ఆ రోజే తెలిసింది. చిన్నప్పుడు బళ్ళో నేర్చుకుందంట. ఇన్నేళ్ళూ ఊలు అమ్ముతూ ఇంట్లో మనిషిని ఒక్కమాట అడగలేదు నేను.

ఇట్లా నేను నా టోపీతో కుస్తీ పడుతుండగా, పల్లెలో ఆ పదిహేను మందీ నలభై మళ్ళీ అల్లారు. మొదటి నలభై ఎందుకు తిరిగొచ్చాయో టీచరమ్మ వాళ్ళకు దాచకుండా చెప్పిందంట. దానికి ఒకామె, "ఆ ఊలు అమ్మినోన్ని ఒక్కసారి మా చేన్లో కలుపుకు తోలియ్యమ్మా" అందంట. అదే తీర్మానంగా ఆమోదించారని టీచరమ్మ నాకు చెప్పింది.

డిసెంబరు రెండో వారంలో ఆసుపత్రికి పోయాం. టీచరమ్మ, సమాజం నుంచి ఇద్దరు, నేను. సంచిలో నలభై ఒక్క టోపీలు. పెద్ద నర్సమ్మ నవ్వని మనిషి. ఒక్కో టోపీనీ తిప్పి లోపలి వైపు చూసింది, మణికట్టు లోపల రుద్దుకుంది, రెండు వేళ్ళతో సాగదీసి వదిలింది. సమాజం ఆడవాళ్ళలో ఒకామె పెదాలు కదులుతున్నాయి, ప్రార్థన చేసుకుంటోంది. నిజం చెప్పాలంటే నేను కూడా మా కులదేవుణ్ణి ఒకసారి పలకరించాను.

ఇరవయ్యో, ఇరవై ఒకటో టోపీ దగ్గర నర్సమ్మ చెయ్యి ఆగింది.

"ఇదేంది? ఇది తలకాయకా, కుండకా?"

టీచరమ్మ గొడుగు కొనతో మెల్లగా నా వైపు చూపించింది.

నర్సమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. "బొచ్చు ఊలు అమ్మిన అంగడాయన మీరేనా?"

"నేనేనమ్మా."

"ఇది మీరు అల్లినారా?"

"ఆ అమ్మ అల్లించినారు."

ఆ నవ్వని మనిషి మొహం పక్కకు తిప్పుకుంది. భుజాలు మాత్రం కదిలాయి. నా టోపీని టీచరమ్మ చేతికిచ్చి, మిగతా వాటిలోంచి ఒకటి తీసుకుని లోపలికి పోయింది. అద్దం తలుపులోంచి చూస్తే, అప్పుడే పుట్టిన ఒక బిడ్డకు తొడిగింది. తొడిగి, పది నిమిషాలు వేరే పనులు చూసుకుని, మళ్ళీ వచ్చి టోపీ అంచు కింద వేలు పెట్టి చూసింది. పొడిగా ఉన్నట్టుంది. బిడ్డ కదల్లేదు. బయటికొచ్చి, "మళ్ళీ ఎప్పుడు తెస్తారు?" అంది.

అంతే. మెచ్చుకోలు లేదు, కృతజ్ఞతలు లేవు. ఆ మూడు మాటలకే సమాజం ఆడవాళ్ళు ఇద్దరూ కొంగులు కళ్ళకు అద్దుకున్నారు. నేను అంగడికి వచ్చి సావుకారికి ఆ మూడు మాటలే చెప్పాను. ఆయన బేలును బూటుతో తట్టి, "మరి దీని సంగతేంది?" అన్నాడు.

దాని సంగతి క్రిస్మస్ నాటికి తేలింది. టీచరమ్మ తమ పల్లె చర్చిలో క్రీస్తు పుట్టుక నాటికకు రమ్మని పిలిచింది. గొర్రెల కాపరుల ఘట్టంలో చిన్నపిల్లలు వరసగా వచ్చారు, ఒక్కొక్కరి చేతిలో ఒక తెల్ల గొర్రెపిల్ల. ఎక్కడో చూసినట్టుందే అని ముందుకు వంగాను. నేను అమ్మిన బొచ్చు ఊలు టోపీలే! విప్పడానికి బొచ్చు చిక్కుకుపోయి రాకపోతే, వాటిలో పత్తి కూరి, మూతి కుట్టి, చెవులు పెట్టారు. కళ్ళు నల్ల గుండీలు, భాయి ఊరికే ఇచ్చినవి. ముద్దలైన పది టోపీలు అన్నిటికన్నా బాగా గొర్రెపిల్లల్లా ఉన్నాయి. బాలయేసును చూడవచ్చిన జ్ఞానులు ముగ్గురికీ గడ్డాలు కూడా ఆ ఊలే.

"నీ ఊలు చెడ్డది కాదప్పా. బిడ్డ తలకు చెడ్డది. గొర్రెపిల్లకు భేషుగ్గా ఉండాది" అంది టీచరమ్మ.

మరుసటి ఏడాది అక్టోబరులోనే కౌంటర్ మీద "గడ్డాల ఊలు దొరుకును" అని అట్ట రాసి పెట్టాను. చుట్టుపక్కల చర్చీలన్నీ వచ్చాయి. బేలు ఖాళీ అయింది. నా మోకాళ్ళకు ఏదీ తగలకపోవడం అలవాటవడానికి చాలా రోజులు పట్టింది.

అప్పటి నుంచి రిటైరయ్యేదాకా నా కౌంటర్లో ఒక పద్ధతి. ధర చివర. మొదటి మాట "ఎవరికి?" రెండో మాట "ఎట్లా ఉతుకుతారు?" కొత్తగా నేర్చుకునే ఆడపిల్ల నల్ల ఊలు అడిగితే ఇచ్చేవాణ్ణి కాదు. నల్లదానిలో కుట్లు కనపడవు, పిల్ల ఏడుస్తుంది. తోరణానికి ఖరీదైనది అడిగినా చవక అక్రిలిక్కే ఇచ్చేవాణ్ణి, గుమ్మానికి దురద పుట్టదు కదా. యాత్రకు పోయేవాళ్ళకు మాత్రం అసలైన ఊలే, అక్కడ బేరం లేదు. కూలర్ ఆపాకే సరుకు చేతికిచ్చేవాణ్ణి. సావుకారి మొదట గొణిగాడు, తర్వాత కరెంటు మిగులుతోందని సంతోషించాడు.

మొన్నామధ్య ఆత్మకూరు వైపు పని పడి, ఆ పల్లెకు పోయాను. టీచరమ్మకు ఇప్పుడు చూపు మందగించింది, వేళ్ళు మాత్రం ఆగలేదు. సమాజం గదిలో పదిమంది కూర్చుని అల్లుతున్నారు. గోడకు ఒక మేకు, మేకుకు నా టోపీ. కుండ మూత ఆకారం ఏమీ తగ్గలేదు.

"అదేందమ్మా, ఇంకా పెట్టుకున్నావు? ఇచ్చేయ్, తీసుకపోతా."

"ఇయ్యను."

"ఊరికే వద్దులే. ఎంతకిస్తావు?"

"అమ్మేది కాదప్పా."

"నలభై టోపీలకు సరిపడా సన్న నూలు ఇస్తా. సూదులు పైన."

గదిలో సూదుల చప్పుడు ఆగింది. అందరూ ఆమె వైపు చూశారు. టీచరమ్మ తల అడ్డంగా ఊపింది.

"కొత్తగా వచ్చిన పిల్లోళ్ళు మొదటి దినం ఏడుస్తారప్పా, నాకు రాదు, నాకు రాదని. అప్పుడు దాన్ని చూపిస్తా. దీన్ని అల్లినాయన ముప్పై ఏండ్లు ఊలే అమ్మినాడు అని చెప్తా. నవ్వి, సూదులు పట్టుకుంటారు. దానికన్నా బాగా పనికొచ్చేది ఈ గదిలో ఇంగోటి లేదు."

అంగట్లో పుట్టినవాణ్ణి, ఉత్తచేతులతో లేవలేను.

"సరే, ఉండనీ. మరి ఇన్నేండ్ల అద్దె?"

ఆమె లోపలికి తిరిగి, "ఒక గ్లాసు టీ పెట్టండమ్మా అంగడాయనకు" అంది.

చక్కెర తక్కువైంది. బేరమాడకుండా తాగి వచ్చాను.